శేషాచలంలో ఏముంది? ముందు జాడ చూపండి

తిరుపతిలో పుట్టి పెరిగినవారికి కొండ కథలు కొత్త కాదు. తుంబురు తీర్థం పైన గుహలో వందల ఏళ్ళ వయసున్న సిద్ధుడు ఉన్నాడంటారు. అర్ధరాత్రి కొండ నుంచి కొండకు దీపం ఒకటి నడిచిపోతుందంటారు. మణి ఉన్న పాము మేతకు వచ్చినప్పుడు మణిని రాతి మీద దించి, ఆ వెలుగులో పురుగులు ఏరుకుంటుందంటారు. తలకోన పై అడవిలో ఒళ్ళంతా బొచ్చున్న మనిషిలాంటిది కట్టెలు కొట్టేవాళ్ళకు ఎదురైందంటారు. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటికి వెళ్ళివచ్చిన ప్రతి గుంపూ ఒక కొత్త కథ తెస్తుంది. నేను ఈ ఊళ్ళో పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. ఏటా బడి తెరవగానే ఎవరో ఒకరు లేచి అడిగే ప్రశ్న ఒకటే: "సార్, అవన్నీ నిజమేనా?"

ఈ ప్రశ్నకు మన ఇళ్ళల్లో రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. "పెద్దలు ఊరికే చెప్పరు, నమ్ము" అనేది ఒకటి. "అంతా మూఢనమ్మకం, పుస్తకం తియ్యి" అనేది రెండోది. మొదటిది భక్తి అనీ రెండోది విజ్ఞానం అనీ మనం అనుకుంటాం. నాకు రెండింటిలోనూ ఒకే లోపం కనిపిస్తుంది. రెండూ పిల్లవాడి నోరు మూయిస్తాయి. రెండింటిలోనూ లేచి వెళ్ళి వెతకడం అనే పని లేదు. నేను పిల్లలకు చెప్పేది వేరు: నమ్మకు, కొట్టిపారెయ్యకు, జాడ అడుగు.

అడవిలో బతికే ఏ ప్రాణి అయినా జాడ వదలకుండా బతకలేదు. తింటుంది కాబట్టి కొరికిన ఆకో నమిలిన ఎముకో మిగులుతుంది. పెంట వేస్తుంది. ఈకో వెంట్రుకో కుబుసమో రాలుస్తుంది. గుడ్డు పెడుతుంది, లేదా పిల్లను ఈనుతుంది. పైగా ఒంటరిగా ఉండిపోదు. వందేళ్ళుగా ఒక జాతి ఒక అడవిలో ఉందంటే, ఆ వందేళ్ళూ దానికి తల్లులూ తండ్రులూ పిల్లలూ ఉండాలి, చచ్చినవాటి ఎముకలు ఎక్కడో ఉండాలి. కట్టుకథ మాత్రం ఎన్నేళ్ళు తిరిగినా తన వెనక ఇంకో కథను తప్ప ఏమీ వదలదు.

ఇది చెప్పగానే "అయితే మీరూ రెండో రకమే" అంటారు కొందరు. కాదు. జాడ అడగడం అంటే లేదనడం కాదు. ఈ కొండల చరిత్రే అందుకు సాక్ష్యం. లేదనుకున్నవి ఇక్కడ మళ్ళీ మళ్ళీ దొరికాయి.

కలివికోడి సంగతే తీసుకోండి. 1848లో మద్రాసు సైన్యంలో వైద్యుడిగా ఉన్న జెర్డాన్ ఈ పిట్టను లోకానికి తెలియజేశాడు. 1900లో అనంతపురం ప్రాంతంలో చూశామన్న మాట తర్వాత దాని ఊసు లేదు. ఏళ్ళు గడిచాయి, దశాబ్దాలు గడిచాయి. అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసేశారు. ఎనభై ఏళ్ళకు పైగా ఎవరికీ కనిపించని పిట్టను ఎవరైనా చూశామంటే, మణి ఉన్న పామును చూశామన్న మాటతో పాటే దాన్నీ నవ్వి తీసిపారేసేవారు. అలాంటి రోజుల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు ఆ పిట్ట బొమ్మలు పట్టుకుని రాయలసీమ పల్లెల్లో తిరిగారు. చదువుకున్నవారిని కాదు, రాత్రిపూట ముళ్ళ తుప్పల్లో తిరిగేవాళ్ళను అడిగారు. వాళ్ళకు ఆ పిట్ట తెలుసు. 1986 జనవరిలో మన కొండల వరసకు ఉత్తరాన, కడప జిల్లా లంకమల అడవి అంచున రెడ్డిపల్లి దగ్గర, ఐతన్న అనే స్థానికుడు రాత్రి టార్చిలైటు వెలుగులో ఒక కలివికోడిని పట్టుకున్నాడు. సొసైటీ తరఫున అక్కడ వెతుకుతున్న భరత్ భూషణ్‌కు అది అందింది. లోకానికి లేదనుకున్న పక్షి ఐతన్న లాంటివాళ్ళకు ఎన్నడూ లేకుండా పోలేదు. వాళ్ళను అడిగినవారు లేకపోవడమే ఇన్నాళ్ళ లోటు.

ఆ తర్వాత జరిగిన పని నాకు ఇంకా ఇష్టం. కలివికోడి పగలు కదలదు, రాత్రి తిరుగుతుంది, మనిషి అలికిడికి తుప్పల్లోకి జారిపోతుంది. కళ్ళతో లెక్కపెట్టడం కుదరదు. అందుకని 2000 తర్వాతి తొలి ఏళ్ళలో పరిశోధకులు తుప్పల నడుమ నేలను పట్టీలుగా చదును చేసి, మెత్తటి మట్టి పరిచి, తెల్లవారి వచ్చి అడుగులు చూసేవారు. ఈ జాతి పిట్టలకు వెనక వేలు ఉండదు. ముందుకు చూసే మూడు వేళ్ళ ముద్ర మాత్రమే పడుతుంది. తీతువు వంటి పిట్టల అడుగులతో పోల్చి చూసి, ఇది ఫలానాదే అని తేల్చేవారు. దాని కూత రికార్డు చేశారు, ఆ కూతను తిరిగి వినిపించి బదులు వస్తుందేమో అని చెవులు రిక్కించి కూర్చున్నారు. తెలుగుగంగ కాలువ తవ్వకం దాని ఆవాసం మీదికి వచ్చినప్పుడు, కాలువ దారి మార్చాల్సి వచ్చింది. ఒక పిట్ట కోసం కాలువ మలుపు తిరిగిందంటే, ఆ మట్టి పట్టీల మీది అడుగులే కారణం. "చూశామయ్యా, నమ్మండి" అన్న మాట మీద ఏ కాలువా దారి మార్చుకోదు.

మన తిరుమల కొండల సొంత ఉదాహరణ బంగారు బల్లి. 1870లో బెడ్డోమ్ అనే మద్రాసు అటవీ అధికారి ఈ కొండల్లోనే దీన్ని గుర్తించి శాస్త్రీయంగా పేరు పెట్టాడు. తర్వాత వందేళ్ళకు పైగా దీని గురించి కొత్త మాట లేదు. మళ్ళీ 1986లోనే, కలివికోడి బయటపడిన ఏడాదే, బాంబే సొసైటీ పత్రికలో బంగారు బల్లి తిరిగి దొరికిన కబురు అచ్చయింది. కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని తాకి రావడం మన జిల్లా నుంచి వెళ్ళే ప్రతి కుటుంబానికీ ఆనవాయితీ. ఆ బల్లి పైకప్పుకు తాపిన రేకు. ఈ బల్లి ప్రాణమున్నది. ఇద్దరినీ ఎరిగినవారు మన ఊళ్ళో ఎంతమంది ఉన్నారో గానీ, నా తరగతిలో అడిగితే అందరూ కంచి బల్లి గురించే చెబుతారు.

దాన్ని నేను చూసింది అటవీ శాఖలో వాచరుగా పనిచేసి దిగిపోయిన ఒక పెద్దాయన వెంట వెళ్ళినప్పుడు. వాగు పక్కన రెండు బండల నడుమ చీలిక. మనిషి అడ్డంగా తిరిగితే తప్ప దూరలేడు. లోపల చల్లగా, తడి మట్టి వాసన. "పైకి చూడకండి సార్, ముందు గోడకు చూడండి" అన్నాడాయన. బండ అంచు లోపలి వైపున తెల్లటి గుండ్రటి మచ్చలు పదులకొద్దీ అంటుకుని ఉన్నాయి. సున్నం చుక్కలనుకుని దగ్గరికి వెళితే గుడ్లు. కొన్ని నిండుగా ఉన్నాయి, కొన్ని పగిలి అంచు మాత్రమే వలయంగా మిగిలింది, కొన్నిచోట్ల పాత వలయం మీదే కొత్త గుడ్డు. ఒక తల్లి పెట్టినవి కావు. చాలా తల్లులు ఏళ్ళ తరబడి అదే చోటికి వచ్చి పెట్టినవి. తర్వాత ఆయన లైటును పక్కకు వాల్చి పట్టుకున్నాడు, కళ్ళల్లో పడకుండా. చీలిక పై భాగంలో మగది ఉంది. తలా ఒళ్ళూ పసుపుకొమ్ము నూరి పూసినట్టున్నాయి. వేలి చివరన జంట ఆకుల్లాంటి మెత్తలు రాతిని పట్టుకుని ఉన్నాయి. దాని కింద మట్టి రంగులో ఉన్న ఆడదాన్ని ఆయన చూపించేదాకా నేను పోల్చుకోలేదు. మగది గొంతు విప్పి అరిచినప్పుడు ఆ చీలిక అంతా మోగింది. ఆ చప్పుడు చీకట్లో, ఒంటరిగా, ఏమిటో తెలియకుండా విన్నవాడు ఇంటికి వచ్చి కథ చెప్పకుండా ఉండడు. వాణ్ణి తప్పుపట్టలేను.

దీని దగ్గరి చుట్టం శ్రీలంక బండల్లో ఉంది. ఈ తెగలో లోకం మొత్తం మీద ఉన్నవి ఈ రెండు జాతులే. నడుమ సముద్రం. ఆ రెండూ ఎప్పుడు విడిపోయాయి, మన తూర్పు కనుమలకూ ఆ ద్వీపానికీ ఉన్న పాత బంధుత్వం ఏమిటి అన్నది ఏ సిద్ధుడి కథకూ తీసిపోని రహస్యం. మన పిల్లలకు ఈ రహస్యం ఒక్కరూ చెప్పలేదు. బంగారు బల్లి తర్వాతి కాలంలో తూర్పు కనుమల్లో ఇంకా చాలా చోట్ల, అటు ఒడిశాలోనూ ఇటు తమిళనాడులోనూ కనిపించింది. వెతికారు కాబట్టి కనిపించింది.

ఏనుగుల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. రెండు వందల ఏళ్ళ పాటు ఆంధ్ర అడవుల్లో అడవి ఏనుగు లేదు. చిత్తూరు పల్లెల్లో తరాల పాటు ఏనుగంటే శ్రీకాళహస్తి స్థలపురాణంలో శివుడికి నీళ్ళు పోసిన ఏనుగే. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి మందలు కుప్పం, పలమనేరు వైపు నడిచి వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం వాటి కోసమే ఏర్పడింది. మొదటి రాత్రి రాగి చేలో నల్లటి కొండ కదులుతోందని చెప్పినవాడిని ఊరు నమ్మకపోయి ఉండవచ్చు. తెల్లవారితే లద్దె కనిపించింది, గుండ్రటి అడుగులు కనిపించాయి, విరిగిన చెరకు కనిపించింది. ఇక వాదన లేదు.

లోకంలో పేరుమోసిన వింత జంతువుల విషయంలోనూ ఇదే కొలత పెట్టాలి. స్కాట్లండులో లోక్ నెస్ సరస్సు జంతువు ఉందని చూపే ప్రసిద్ధ ఫోటో 1934 నాటిది. ఆడుకునే జలాంతర్గామి బొమ్మకు తలా మెడా అతికించి తీశారని 1994లో బయటపడింది. అంతటితో వదిలేస్తే అది రెండో రకం జవాబు అయ్యేది. కానీ 2018లో న్యూజిలాండు శాస్త్రవేత్త నీల్ గెమ్మెల్ బృందం ఆ సరస్సు నీళ్ళను పలుచోట్ల తోడి, అందులో తేలే జీవుల డీఎన్ఏ మొత్తం వెతికింది. మరుసటి ఏడాది ఫలితాలు చెప్పారు: పెద్ద సరీసృపం జాడ లేదు, పాము ఆకారంలో ఉండే ఈల్ చేపల డీఎన్ఏ మాత్రం ఎక్కడ చూసినా ఉంది. హిమాలయాల యతి పేరుతో మఠాల్లోనూ ప్రదర్శనశాలల్లోనూ దాచిన వెంట్రుకలు, ఎముకలు, చర్మాలు తొమ్మిదింటిని షార్లట్ లిండ్‌క్విస్ట్ బృందం పరీక్షించి 2017లో ప్రకటించింది. ఎనిమిది ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది. పైగా ఆ పరీక్షలోనే హిమాలయ ఎలుగుల వంశం గురించి కొత్త విషయాలు తెలిశాయి. యతి దొరకలేదు, ఎలుగు మరింత బాగా అర్థమైంది. నేను గౌరవించేది ఈ పనిని. వాళ్ళు కథ చెప్పినవాళ్ళను ఎగతాళి చేయలేదు. మీ దగ్గర ఉన్నది ఇవ్వండి, చూస్తాం అన్నారు.

ఇక నన్ను నిజంగా బాధపెట్టే విషయానికి వస్తాను. కథ కథగా ఉన్నంతసేపూ దానివల్ల ఎవరికీ నష్టం లేదు. అవ్వ చెప్పిన మణి పాము కథ వింటూ పెరిగినవాణ్ణే నేనూ. ఆ కథకు ధర కట్టిన రోజు నుంచే పాపం మొదలవుతుంది.

పీలేరు బస్టాండు దగ్గర టీ అంగట్లో ఒకసారి నా పక్కన కూర్చున్న మనిషి, మాటల్లో నేను జీవశాస్త్రం అయ్యవారినని తెలియగానే, ఫోను తీసి వీడియో చూపించాడు. ప్లాస్టిక్ తొట్టిలో గోధుమరంగు పాము. లావుగా, మెడ లేకుండా, రెండు వైపులా ఒకేలా మొద్దుగా ఉంది. ఒక చేయి దాన్ని తూకం మీద పెడుతోంది, ఇంకో చేయి పక్కన నాటి దినపత్రికను పరుస్తోంది, తేదీ కనిపించేలా. "రెండు తలల పాము సార్. ఇంత బరువు దాటితే కోట్లు పలుకుతుంది. కొనేవాళ్ళు బెంగుళూరులో ఉన్నారు. మీరు అసలైనదే అని ఒక కాగితం రాసిస్తే చాలు, మీ వాటా మీకు" అన్నాడు. నేను ఆ వీడియోను రెండుసార్లు చూశాను. పాము తోక చివర రెండు చిన్న గాట్లు ఉన్నాయి. కళ్ళు అనిపించడానికి పెట్టినవి. ఆ గాట్ల చుట్టూ చర్మం వాచి ఉంది. "అది తోక నాయనా" అంటే నమ్మలేదు. "మీరు పుస్తకాలు చదివినవాళ్ళు, మీకు తెలియదు" అన్నాడు.

ఆ పాముకు ఒకటే తల. ఇసుక నేలల్లో, మెట్ట పొలాల్లో బొరియల్లో ఉంటుంది. ఎలుకలు తింటుంది, విషం లేదు, కాటు వేయడం కూడా అరుదు. దాని తోక మొద్దుగా ఉండటానికి కారణం ఉంది. భయపడినప్పుడు తలను చుట్టల కింద దాచి తోకను పైకి లేపుతుంది, దెబ్బ తగిలితే తోకకు తగలాలని. తనను కాపాడుకోవడానికి తెచ్చుకున్న ఆ వేషమే ఇప్పుడు దాని మెడకు చుట్టుకుంది. ఇంట్లో ఉంటే లక్ష్మి నిలుస్తుందని ఒకరు, రోగాలు నయమవుతాయని ఒకరు, గుప్తనిధి చూపిస్తుందని ఇంకొకరు. బరువు పెరగాలని బలవంతంగా మేపుతారు. గోనెసంచిలో ఊళ్ళు దాటిస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టడం, అమ్మడం, దగ్గర ఉంచుకోవడం నేరం. అయినా పట్టుబడినవాళ్ళ వార్త మన జిల్లా పేజీల్లో ఏడాది పొడుగునా వస్తూనే ఉంటుంది. దానికి ఇస్తామన్న కోట్లు ఎవరికైనా ముట్టాయన్న వార్త మాత్రం నేను ఎన్నడూ చదవలేదు.

అడవి పల్లెల్లో దేవాంగపిల్లి అని పిలిచే జంతువుది ఇంకా దీనమైన కథ. ఇది పిల్లి కాదు, కోతికి దూరపు చుట్టం. అరచేతిలో పట్టేంత ఒళ్ళు, పుల్లల్లాంటి కాళ్ళు, ముఖంలో సగం కళ్ళే. రాత్రి కొమ్మ మీద మెల్లగా నడుస్తూ పురుగులు తింటుంది. లైటు వేస్తే ఆ కళ్ళు నిప్పు ముక్కల్లా మండుతాయి. చెట్టు మీద దయ్యం కళ్ళు చూశామన్న కథల్లో కొన్నింటి వెనకైనా ఇదే ఉందని నా అనుమానం. దాని కళ్ళతో మందు చేస్తే వశీకరణ జరుగుతుందని, ఒంట్లో భాగాలు చేతబడికి పనికొస్తాయని నమ్మేవాళ్ళు తెలుగు పల్లెల్లోనూ తమిళ పల్లెల్లోనూ ఉన్నారు. ఆ నమ్మకం కోసం దాన్ని ఎలా హింసిస్తారో రాయడానికి నాకు చేయి ఆడటం లేదు. ఉందో లేదో తెలియని శక్తి కోసం ఉన్నదని తెలిసిన ప్రాణిని చంపుతున్నాం.

ఇక బియ్యం గింజలను లాక్కునే రాగి చెంబు, పిడుగు పడిన కలశం వంటి మోసాలు. ఇవి జంతువుల కథలు కావు గానీ పనితీరు ఒకటే. ముందు వింత వస్తువు ఉందంటారు. తర్వాత పెద్ద కొనుగోలుదారు ఉన్నాడంటారు. ఆ తర్వాత ప్రత్యేక దుస్తులు వేసుకున్న శాస్త్రవేత్త పరీక్షకు వస్తాడు, పరీక్ష ఖర్చు మనమే పెట్టుకోవాలి. మా దూరపు బంధువుల ఇంట్లో ఒకాయన మామిడితోట తాకట్టు పెట్టి ఆ ఖర్చు కట్టాడు. చెంబు రాలేదు, శాస్త్రవేత్త మళ్ళీ కనిపించలేదు. ఆయన అమాయకుడు కాడు, లెక్కలు బాగా వచ్చినవాడు. ఆయన అడగనిది ఒక్కటే: ఇంతకు ముందు ఇలాంటి చెంబు కొన్నవాడు ఎవరు, వాడిని చూపించండి అని. అదీ జాడ అడగడమే.

కాబట్టి ఎవరైనా వింత చెప్పినప్పుడు నేను మొదట చూసేది వింతను కాదు, చెప్పేవాడిని. దీనివల్ల ఇతనికి వచ్చేది ఏమిటి? ఐతన్నకు ఆ పిట్ట ఉందని చెప్పడంవల్ల కోట్లు రావు. తేనె తీసేవాడికి, గొర్రెలు కాసేవాడికి అబద్ధం చెప్పి సంపాదించేది లేదు. వాళ్ళు చూసినదాన్ని వేరేదిగా అనుకుని ఉండవచ్చు, భయంలో పెంచి ఉండవచ్చు. కానీ ఏదో చూశారు. ఆ ఏదో ఏమిటో కనుక్కోవడం చదువుకున్నవాడి పని. టీ అంగట్లో వీడియో చూపించినవాడి దగ్గర నేను కనుక్కోవలసింది ఏమీ లేదు.

దేవుడి కథలను ఈ కొలతలోకి లాగకూడదు. శేషాచలం ఆదిశేషుడి శరీరమనీ, తిరుమల పడగ అనీ, అహోబిలం నడుము అనీ, శ్రీశైలం తోక అనీ మనం చెప్పుకుంటాం. దానికి ఎముకలు చూపించమని నేను అడగను, అడిగేవాణ్ణి సమర్థించను. కాళహస్తి గుడి స్తంభాల మీద ఏనుగు తొండం, సింహం ఒళ్ళు కలిసిన యాళి ఉంది. నరసింహుణ్ణి శాంతింపజేయడానికి శివుడు ధరించిన శరభ రూపం ఉంది. అచ్యుతదేవరాయలు తన నాణేల మీద ముద్రించిన రెండు తలల గండభేరుండం ఉంది. ఆ శిల్పి, ఇది ఫలానా కొండలో మేస్తుంది, వెళ్ళి చూడండి అని ఎన్నడూ చెప్పలేదు. బలం అంటే ఏమిటో, రక్షణ అంటే ఏమిటో చెక్కి చూపించాడు. ఆ రాతి గండభేరుండం ఒకప్పుడు నిజంగా ఎగిరేదనీ, ఎముకలు దొరికాయనీ కంప్యూటర్‌లో బొమ్మ చేసి పంపేవాళ్ళు పురాణానికి మేలు చేస్తున్నామనుకుంటారు. పురాణాన్ని జంతుప్రదర్శనశాల స్థాయికి దించుతున్నారు.

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాప చిరుతకు బలైంది. ఆ వారం ఊరంతా దుఃఖంలో ఉంది. దేవస్థానం, అటవీ శాఖ కలిసి కెమెరాలు బిగించాయి, బోనులు పెట్టాయి, నడిచేవాళ్ళకు చేతికర్రలు ఇచ్చాయి. కెమెరాల్లో చిరుతలు పడ్డాయి, బోనుల్లోనూ పడ్డాయి. వాటికంటే వేగంగా నా ఫోనుకు వచ్చినవి మాత్రం ఎక్కడివో తెలియని వీడియోలు. ఏ దేశపు పులో అలిపిరి మెట్ల మీద కూర్చుందని ఒకటి, మనిషి ముఖమున్న మృగం తిరుగుతోందని ఇంకొకటి. పిల్లల్ని మధ్యలో నడిపించండి, చీకటి పడ్డాక ఆగండి, దారి పక్కన తిండి పారెయ్యకండి అన్న అసలు జాగ్రత్తలు ఆ గోలలో మునిగిపోయాయి. ఈ అడవిలో భయపడవలసినవి నిజంగానే ఉన్నాయి. లేనివాటిని కల్పించి పంపడం, ఆ పాప కుటుంబం పట్ల కూడా నిర్దయ.

తిరుమల ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు కొండ కోత దగ్గర భూవిజ్ఞాన శాఖ వారి ఫలకం ఒకటి కనిపిస్తుంది. బస్సు కిటికీ నుంచి క్షణం సేపే. కింద పాత గ్రానైటు, దాని మీద నగరి క్వార్ట్‌జైట్ పొరలు. ఆ రెండూ కలిసే గీత దగ్గర దాదాపు 50 కోట్ల సంవత్సరాల రాతి లెక్క లేదు. ఆ కాలానికి ఇక్కడ పొర లేదు. ఆ ఖాళీని శాస్త్రవేత్తలు ఊహతో పూడ్చలేదు, ఇక్కడ లెక్క లేదు అని ఫలకం పెట్టి జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా కాపాడుతున్నారు. వింతల గురించి వాదించేవాళ్ళందరినీ ఒకసారి అక్కడ దింపి చూపించాలని నాకు కోరిక.

అలాంటి ఖాళీ ఒకటి ఇప్పుడు నా ముందు ఉంది. నాకు బంగారు బల్లిని చూపించిన పెద్దాయనే ఈమధ్య ఒక అరుపు గురించి చెప్పాడు. కొండ మీద ఒకచోట, చలికాలం రాత్రుల్లో, ఆడమనిషి గొంతు నులిమినట్టు అరుపు వినిపిస్తుందట. ఆయన తండ్రి కూడా విన్నాడట. అక్కడ పూర్వం చనిపోయిన ఒక ఆడబిడ్డ ఆత్మ అని ఊరివాళ్ళ నమ్మకం, రాత్రి ఆ వైపు పోరు. శ్రీలంకలో ఇలాంటి అరుపుకే ఉలమా అని పేరుంది, దయ్యం పిట్ట అంటారు. అది అడవిలో ఉండే ఒక పెద్ద గుడ్లగూబ అని ఇప్పుడు చాలామంది పక్షి పరిశీలకుల అభిప్రాయం. మనదీ అదే కావచ్చు. కాకపోవచ్చు. నేను ఆయనతో గుడ్లగూబ మాట ఎత్తలేదు. ఏ నెలలో, ఏ వేళలో, వాన పడ్డాకనా ముందా, ఒకసారి అరుస్తుందా ఆగి ఆగి అరుస్తుందా అని అడిగాను. అన్నిటికీ తడుముకోకుండా చెప్పాడు. ఒక బదులు అరుపు కూడా వస్తుందని, అది దూరంగా కొండ అవతల నుంచి అని చెప్పినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. బదులు ఉందంటే రెండు ఉన్నాయి.

రాత్రంతా నడిచే చిన్న రికార్డరు ఒకటి మా పాత విద్యార్థి సంపాదించాడు. అక్కడ చెట్టుకు కట్టడానికి అనుమతి కోసం అటవీ శాఖకు అర్జీ పెట్టాం. పెద్దాయన చోటు చూపించడానికి ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు: "ఏం దొరికినా మీరు పేపర్లో వేయించుకోండి సార్, చోటు పేరు మాత్రం చెప్పకండి. తెలిస్తే పాములోళ్ళు, నిధులోళ్ళు సంచులేసుకుని వస్తారు." ఒప్పుకున్నాను. అందుకే ఆ కొండ పేరు ఇక్కడ రాయలేదు.